అరవై ఒకటో పేజీ

జగదీశ్వరరావు సార్ పీహెచ్‌డీ థీసిస్ మా అనకాపల్లి కాలేజీ లైబ్రరీలో ఎనిమిదేళ్లుగా ఉంది. 2007 నవంబరులో నేను అడిగిన రోజుకి దాని ఇష్యూ స్లిప్పు మీద ఒక్క తేదీ కూడా లేదు.

"సార్ ఓపాలి ఇక్కడే కూకుని సూసేరు. ఇంకెవులూ ముట్టుకోలేదు," అంటూ లైబ్రేరియన్ పరదేశి గారు దుమ్ము దులిపి ఇచ్చారు. "నీకేటి పనమ్మా దీంతో?"

నా సంచిలో నెట్ సెంటర్లో తీయించిన ప్రింటవుట్ ఉంది. అదీ పని.

థీసిస్ టైట్ క్లోజర్ మీద. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఐడియల్ అనే ఒక గుంపుకి బయట ఒక మూలకం ఉంటుంది. రెండింటి ఘాతాలనూ ఎంత పెంచుకుంటూ పోయినా, ఒకే గుణకంతో గుణిస్తే ఆ మూలకం ప్రతిసారీ లోపలికి వచ్చేస్తుందనుకోండి. అప్పుడు దాన్ని కూడా దాదాపు లోపలిదిగా లెక్క వేస్తాం. షరతు ఒక్కటే, గుణకం మారకూడదు. అన్నింటికీ పనికొచ్చే అలాంటి గుణకాలన్నీ కలిసి పుట్టించేది టెస్ట్ ఐడియల్. లోకలైజేషన్ అని, ఈ మూలకాలన్నీ ఉండే రింగుని ఒక పద్ధతిలో పెంచినా ఈ లెక్క చెడదని సార్ ఋజువు చేశారు. డాక్టరేట్ వచ్చింది, దండలు పడ్డాయి.

2004లో నేను ఆయన దగ్గరే పరిశోధనకు చేరాను. మా నాన్న ముజీబ్ గవరపాలెంలో ఇత్తడి గిన్నెలకు మాట్లు వేసి కళాయి పూస్తాడు. పని అయ్యాక నీళ్లు పోసి, గిన్నె కింద చెయ్యి పెట్టి చూస్తాడు. నాదీ అదే జబ్బు. సార్ చదవమని ఇచ్చిన ఆయన సొంత కాపీలో, అరవై ఒకటో పేజీ దగ్గర నా చెయ్యి తడిసింది. అక్కడ ఘాతంతో పాటు గుణకమూ మారిపోతోంది. సార్ మారదనుకుని ముందుకు వెళ్లిపోయారు.

వెళ్లి చెప్పాను.

"పెద్ద పెద్దోళ్లు సూసి పాస్ సేసేరు. ఆళ్లకి కనపడంది నిన్నగాక మొన్న వచ్చిన నీకు కనపడిందేటి, మహేక్?" అన్నారు.

"మరోసారి చూడండి సార్. ఇది తప్పని చూపించే ఉదాహరణ ఉండే ఉంటుంది. నేను దాన్నే వెతుకుతాను."

ఆ ఏడు ఆగస్టు ముప్పయ్యో తేదీన నా ప్రోగ్రెస్ రిపోర్టు మీద ఆయన సంతకం పెట్టలేదు. 'అభ్యర్థికి విషయం అర్థం కాలేదు' అని రాశారు. రిజిస్ట్రేషన్ పోయింది. అప్పట్నుంచి కాన్వెంటులో ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. నాకు నిజంగానే అర్థం కాలేదేమోనని మూడేళ్లు కుమిలిపోయాను.

ఇప్పుడు విదేశాల్లో ఇద్దరు ఆ ఉదాహరణ చూపించారు. లెక్క చెడుతుంది. నా సంచిలో ఉన్న కాగితాలు అవే.

అరవై ఒకటో పేజీ తీశాను. మార్జిన్‌లో పెన్సిలుతో సార్ దస్తూరీ: 'మహేక్ చెప్పింది నిజం. గుణకం మారుతోంది. 14-8-2004.'

ఒళ్లు మండిపోయింది. అర్థం కానివాణ్ణి క్షమించొచ్చు. ఈయనకు అర్థమైంది. అర్థమైన పదహారు రోజులకి, నాకు అర్థం కాలేదని రాశాడు.

స్టాఫ్ రూములో సార్ ఒక్కరే ఉన్నారు. ప్రింటవుట్ బల్ల మీద పెట్టాను.

"సదివేను," అన్నారు.

థీసిస్ తెరిచి పెట్టాను. తన పెన్సిలు గీతల మీద వేలు ఆనించారు.

"సెరిపేద్దామనుకున్నాను. సెయ్యి రాలేదమ్మా."

"నా రిపోర్టు మీద సంతకం పెట్టడానికీ రాలేదుగా సార్."

"పెడితే నా డాక్టరేట్ ఏటవుతాది? ఇప్పుడు పెడతాను. మళ్లీ రిజిస్టర్ సేయించుకో."

"దేని మీద? ఆ ప్రశ్న అయిపోయింది."

నా పెన్ను తీసి ఆయన ముందు పెట్టాను. "ఈ పెన్సిలు మాటే ఇంకుతో రాసి, కింద మీ పేరు రాయండి. నాకింకేమీ వద్దు."

మూత తీశారు. పేజీ వైపు చూశారు. మళ్లీ మూత పెట్టేశారు.

"వచ్చే నెల నన్ను ప్రిన్సిపాల్‌ని సేత్తన్నారు, మహేక్."

పెన్నూ పుస్తకమూ తీసుకుని లైబ్రరీకి తిరిగొచ్చాను. కిటికీ పక్కన కూర్చుని ఆ పెన్సిలు గీతల మీదే, ఒక్క అక్షరం వదలకుండా, ఇంకుతో దిద్దాను.

పరదేశి గారు గబగబా వచ్చారు. "పుస్తకాల మీద రాయకూడదమ్మా."

"నేనేం రాయలేదండీ. సార్ రాసిందే."

ఆయన కళ్లజోడు సవరించుకుని వంగి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదివారు. "మహేక్ చెప్పింది నిజం."

ఆ మాట ఒక మనిషి నోట వినడం నాకు అదే మొదటిసారి.