డోరీన్ బెన్ చిల్లుల గిన్నె

దసరా పొద్దున ఇంగ్లీషువాళ్ల ఊరు లెస్టర్‌లోని గుజరాతీ మహిళా గర్బా మండలి యావత్తూ సోర్ నది గట్టు మీద నిలబడి, నీళ్ల అడుగున కూర్చున్న ఒక చిల్లుల గిన్నెను గుడ్లప్పగించి చూస్తోంది. నిమజ్జనం అయిపోయింది. ఇప్పుడు గిన్నెను బయటికి తీసేదెవరో తేలడం లేదు. ఏటా తీసే డోరీన్ బెన్ మొన్న వేసవిలో కన్నుమూసింది.

"తెల్లావిడే తీయాలి. అది మన ఆచారం," అన్నాడు రమ్ణీక్ భాయ్. మండలి ఆడవాళ్లదే అయినా, అది పుట్టినప్పటి నుంచీ అధ్యక్షుడు మాత్రం ఆయనే.

ముక్తాబెన్‌కు ఒళ్లు మండిపోయింది. ఆచారమట, ఆచారం! ఆ ఆచారం పుట్టిన రోజున ఈయనగారి మొహం ఎలా మాడిపోయిందో తనకు తెలియదూ?

అక్కడి ప్రభుత్వం తరిమేస్తే కంపాలా నుంచి కట్టుబట్టలతో ఇక్కడికి వచ్చిపడిన తర్వాత మొదటి నవరాత్రి అది. గుండ్రంగా తిరిగి ఆడాలంటే నడిమధ్యన మాతాజీ ఉండాలి. అంటే చిల్లుల మట్టికుండ, లోపల దీపం. లెస్టర్‌లో అప్పట్లో అలాంటి కుండ ఎక్కడ దొరికి చచ్చింది? ముక్తాబెన్ వెళ్లి పక్కింటి తలుపు తట్టింది. ఆ వీధి మొత్తంలో ఆమెను చూసి "బాగున్నావా" అని అడిగే మనిషి డోరీన్ ఒక్కతే. మిగతావాళ్లు కిటికీ తెరలు లాగేసుకునేవారు.

"క్యాబేజీ వార్చే గిన్నె నీకెందుకు?" అంది డోరీన్.

"దీపం మీద బోర్లించి చుట్టూ ఆడతాం."

డోరీన్ ఆమెను ఎగాదిగా చూసింది. "మా అమ్మది. పండగ అయిన పొద్దున్నే తెచ్చిచ్చెయ్యాలి, మరిచిపోకు."

ముక్తాబెన్ మాట ఇచ్చింది. నవరాత్రులు బ్రహ్మాండంగా జరిగాయి. తీరా ఆఖరి రోజున రమ్ణీక్ భాయ్ పుల్ల పెట్టాడు.

"మాతాజీ కూర్చున్న గిన్నెలో క్యాబేజీ వారుస్తారా? నిమజ్జనం చేసెయ్యాల్సిందే."

"అరువు గిన్నె భాయ్!"

"మాతాజీకి అరువేమిటి, సొంతమేమిటి?"

తెల్లవారగానే ముక్తాబెన్ డోరీన్ దగ్గరికి వెళ్లి భోరుమంది. ఉన్న ఒక్క పలకరింపూ పోయిందనే అనుకుంది. డోరీన్ రబ్బరు బూట్లు తొడుక్కుని వెంట నది గట్టుకి వచ్చింది. రమ్ణీక్ భాయ్ మంత్రం చదివి గిన్నె వదిలాడు. అది బుడుంగున మునిగి, గట్టు పక్కనే మోకాటి లోతులో కూర్చుంది.

"మీ అమ్మవారు వెళ్లిపోయిందా?" అని అడిగింది డోరీన్.

"వెళ్లిపోయింది."

"ఖాయంగా?"

"ఖాయంగానే."

"అయితే మిగిలింది మా అమ్మది," అని నీళ్లలోకి దిగి, గిన్నె లాగి, దులిపి, చంకన పెట్టుకుని చక్కా పోయింది. రమ్ణీక్ భాయ్ ఎంత వెతికినా అందులో తప్పు దొరకలేదు.

ఆ తర్వాత ఇండియా నుంచి ఎన్ని కుండలు దిగినా ఆడవాళ్లకు ఆ గిన్నే కావలసి వచ్చింది. ఏటా అరువు, ఏటా నిమజ్జనం, ఏటా డోరీన్ బూట్లు. డోరీన్ కాస్తా వాళ్లకు డోరీన్ బెన్, అంటే డోరీన్ అక్క, అయిపోయింది. ఆమె నీళ్లలో కాలు పెడుతుంటే డోలు కూడా వాయించడం మొదలుపెట్టారు. పిల్లలైతే అది శాస్త్రంలోనే ఉందనుకున్నారు.

"మా వీధిలో ఉత్తరాలు పంచే ఆవిడను పిలుచుకు రానా? తెల్లగానే ఉంటుంది," అంది జసుమతిబెన్.

అంత దూరం ఎందుకని, గట్టు మీద కుక్కను తిప్పుతున్న ఒకావిడను అడిగారు. ఆవిడ కుక్కను ఎత్తుకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

"ముందు బూట్లున్నాయా అని అడగాలి కదా!" అని రమ్ణీక్ భాయ్ విసుక్కున్నాడు.

"నోళ్లు మూస్తారా లేదా!" ముక్తాబెన్ అరుపుకి డోలు వాయించేవాడు కూడా అదిరిపడ్డాడు. "తెల్లగా ఉందని తీసిందా ఆవిడ? గిన్నె తనది గనక తీసింది!"

ముక్తాబెన్ సంచిలో డోరీన్ బూట్లున్నాయి. ఆస్పత్రికి వెళ్లే రోజున డోరీన్ వాటినీ గిన్నెనూ తెచ్చి చేతిలో పెట్టింది. "ఈ ఏడు ముందే ఇచ్చేస్తున్నా. పండగ అయిన పొద్దున్నే తెచ్చిచ్చెయ్యాలి, మరిచిపోకు," అంది. అవి తొడుక్కుంటే డోరీన్ ఇక రాదని ఒప్పుకున్నట్టే. అందుకే ముక్తాబెన్ ఇంతసేపూ సంచి విప్పలేదు. విప్పితే దుఃఖం ఆగేలా లేదు.

ఏడుస్తూనే తొడుక్కుని నీళ్లలోకి దిగింది. రెండూ పెద్దవే. గిన్నె చేతికి అందింది గానీ, ఒక బూటు బురదలో కూరుకుపోయింది.

"మరి బూటు ఎవరు తీయాలి?" అన్నాడు రమ్ణీక్ భాయ్.

ముక్తాబెన్ వెనక్కి తిరిగి చూడలేదు. ఒంటి బూటుతో టపటపమంటూ తమ వీధికి నడిచింది. వెనకాల మండలి, డోలు. డోరీన్ ఇంటి తలుపు తట్టింది. కొత్తగా అద్దెకు దిగిన పోలండ్ అమ్మాయి తలుపు తీసి, తడిసిన చీరనూ, నీళ్లు కారుతున్న గిన్నెనూ, వీధి నిండా ఉన్న జనాన్నీ చూసింది.

"ఇది ఈ ఇంటి గిన్నె. పొద్దున్నే తెచ్చిస్తానని మాటిచ్చాను," అంది ముక్తాబెన్.

"నేనేం చేసుకోను దీన్ని?"

"క్యాబేజీ వార్చుకో అమ్మాయ్. వచ్చే నవరాత్రికి మళ్లీ అరువు అడుగుతా."

ఆ పిల్ల ఏమనుకుందో ఏమో, గిన్నె అందుకుంది. "బాగున్నారా మీరు?" అని అడిగింది.

ముక్తాబెన్ వంగి, కాలికున్న ఒక్క బూటూ విప్పి గుమ్మంలో పెట్టింది.

"ఇదీ నీదే. రెండోది నదిలో ఉంది. వచ్చే ఏడు నువ్వే తీసుకుందువు గాని."