ఖబరస్తాన్‌లో మైనపు బిళ్ళ

నాది రాతి కడుపు. మైదుకూరులో ఎవరినన్నా అడగండి, రామకోటయ్యకు ఓకరింపు అంటే ఏందో తెలీదంటారు. కుళ్ళిన ఎద్దు పక్కన కూచోని సద్ది తిన్నోణ్ణి. నూనె డబ్బాలో పడిన ఎలుకను తోక పట్టి తీసి, అదే చేత్తో వక్కాకు వేసుకున్నోణ్ణి. అట్లాంటి నాకే రెండువేల ఆరో సంవత్సరం ఎండాకాలంలో మనుషుల మీద రోత పుట్టింది.

మా అంగడి పక్కనే ఖాసిం సాహెబ్ పరుపులు కుట్టేవాడు. కొడుకు సమీవుల్లా మంగంపేట ముగ్గురాయి గనుల్లో టిప్పరు తోలుతా ఒకదినం ఫిట్సు వచ్చి స్టీరింగు మీదనే పడిపోయినాడు. తలలో గడ్డ. కర్నూల్లో ఒక ఆసుపత్రిలో తల తెరిచి తీయగలిగినంత తీసినారు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆసుపత్రి పనోడొకడు గుట్కా ఊంచుతా, పాత కాగితంలో చుట్టిన చిన్న మైనపు బిళ్ళను ఖాసిం చేతిలో పెట్టినాడంట. మీవోని తలలోని ముక్క ఈ మైనంలో ఉండాది, తీసకపో అన్నాడంట. ఎందుకో, యాడికో చెప్పలేదు. బజ్జీల పొట్లమన్నా ఇంకొంచెం మర్యాదగా ఇస్తారు గదా.

ఒంట్లోంచి తెగిన ముక్కను మట్టిలో కలపడం వాళ్ళ ఆచారం. ఖాసిం ఆ బిళ్ళను తెల్లగుడ్డలో చుట్టి, ఖబరస్తాన్ గోడ వారన గుంత తీసి పూడ్చి, దువా చేసి వచ్చినాడు.

కొన్నాళ్ళకు కర్నూలు ఆసుపత్రి డాక్టరమ్మ అమూల్య, ఖాసిం రాసిచ్చిన నంబరని మా అంగడికి ఫోన్ చేసింది. పరీక్షకు పోవాల్సిన బిళ్ళ హైదరాబాదుకు చేరలేదని నా మీదనే గసిరింది. ఈ గడ్డ శానా అరుదంట. భూతద్దం కింద ఒకే మాదిరి కనపడే రకాలు రెండుండాయంట. కణంలోని క్రోమోజోముల్లో ఒకటోదాంట్లో, పంతొమ్మిదోదాంట్లో తునకలు ఊడిపోయుంటే మందుకు లొంగే రకం, ఏండ్లకేండ్లు బతకొచ్చు. ఊడకుంటే మొండిరకం, వైద్యమే వేరే. అది తేల్చాలంటే ఆ బిళ్ళే కావాల, ఇంకో ముక్క లేదు.

ఇంటికి పోయి ఆ మాట చెప్తే ఖాసిం తల అడ్డంగా ఊపినాడు. మట్టికిచ్చింది మళ్ళీ తీస్తే పాపం గాదా అన్నాడు. నేను ఎంత తిట్టినా కదల్లేదు. అప్పుడు లోపలినుంచి ఖాసిం పెండ్లాం ఫాతిమా బీ వచ్చింది.

“నువ్వు పూడ్చింది రోగాన్నయ్యా. బిడ్డ ఈడ మంచం మీద ఉండాడు. అది తీయకుంటే రేపు వీణ్ణి దాని పక్కనే పెడతావు.”

ఖాసిం కిందికి చూస్తా, గోడ వారన వేపమొక్క కాడ అని మాత్రం అన్నాడు.

ఆయమ్మ ముందు, నేను వెనక పోయి చూస్తే, ఆ మొక్క మీదికి గోడ అవతల కోడిమాంసం అంగళ్ళోళ్ళు పేగులు, తలకాయలు విసిరేసినారు. అవి ఎండకు ఉబ్బి, పురుగులు పట్టి, మెదులుతాండాయి. పైన ఈగల దుప్పటి. సచ్చినోళ్ళ నెత్తిన కుళ్ళు కుమ్మరించి, ఇంటికి పోయి చేతులు కడుక్కోని కూటికి కూచుంటారు, ఏం మనుషులప్పా. నా రాతి కడుపు ఆడ్నే నీళ్ళయింది. గోడ పట్టుకోని పొద్దున తిన్న ఉగ్గాని అంతా కక్కినా. మూతి తుడుచుకోని, ఆ కుళ్ళు పక్కకు నెట్టి, చేత్తో మట్టి తోడినా. బిళ్ళ తెల్లగా, చెక్కు చెదరకుండా ఉండాది. దాన్ని నా చెంబులో వేసుకోని బస్సెక్కినా.

హైదరాబాదులో తునకలు రెండూ ఊడిపోయుండాయని, మందుకు లొంగే రకమేనని తేల్చినారు. పోయిందని తెలిసి మనిషి నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. టిప్పరు మాత్రం తోలొద్దన్నారు. సమీవుల్లా ఇప్పుడు నాయన పక్కన కూచోని పరుపులు కుడతాండాడు, నా అంగడి ముందర దూది ఎగరగొడతాండాడు.

ఈ కథలో నేను కల్పించింది ఒకటుండాది. కక్కింది నేనే. మూతి తుడుచుకున్నదీ నేనే. చేత్తో మట్టి తోడింది మాత్రం ఫాతిమా బీ. ఆయమ్మ పిలిచేదాకా నేను గోడను వదల్లేదు.