ఫ్రేములో పట్టని మంచం

అపార్ట్‌మెంటులో అందరూ ఆమెను డిజైనరమ్మ అంటారు. మొదట అలా పిలిచింది కన్నతల్లే, వెటకారానికి. అది వాచ్‌మన్ నోట పడి, చివరికి అదే పేరై కూర్చుంది.

డిజైనరమ్మ ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ అందంగా సర్దిపెట్టి సొంతింటికి వచ్చేసరికి కూతురు బుజ్జిది నిద్రలో ఉండేది. భర్తకి వేరే ఊళ్ళో ఉద్యోగం, నెలకోసారి చుట్టంచూపుగా వచ్చి పోతాడు. బుజ్జిది పుట్టినప్పుడు సాయానికని వచ్చిన తల్లి, పిల్ల బడికి పోయే వయసొచ్చినా కదల్లేదు. ఆవిడ కదిలితే కూతురి ఉద్యోగం కూడా కదిలిపోతుందని తల్లీకూతుళ్ళిద్దరికీ తెలుసు. పైకి అనుకోరు, అంతే.

ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ఒకటి పడకగది. రెండోదాన్నిండా లామినేట్ ముక్కలూ, గుడ్డల శాంపిళ్ళూ, చుట్టలు చుట్టిన ప్లాన్లూ. తల్లి మంచం హాల్లో కిటికీ పక్కన ఉండేది. అక్కణ్ణుంచి వీధి తలుపూ, వంటింటి పొయ్యీ, బుజ్జిది రాసుకునే బల్లా అన్నీ కనబడతాయి. మోకాళ్ళు మొరాయించినప్పట్నుంచీ ఆవిడ ఇల్లు నడిపేది ఆ మంచం మీంచే. పాలు పొంగుతున్నాయని పనిమనిషిని కేకేసినా, లెక్క తప్పుగా చేసిందని బుజ్జిదాన్ని గదిమినా అక్కణ్ణుంచే.

గొడవ పత్రికవాళ్ళతో మొదలైంది. ఉద్యోగాన్నీ ఇంటినీ సమంగా చూసుకునే ఆడవాళ్ళ గురించి రాస్తున్నారట. డిజైనరమ్మ పనిచేసే కంపెనీ నడిపే మేడమ్ వాళ్ళకి ఈమె పేరు ఇచ్చింది.

"మన దగ్గర పనివేళలు మనుషులకి తగ్గట్టుంటాయని నలుగురికీ తెలియాలి. ఇది బాగా వస్తే కొత్త బ్రాంచి నీ చేతికే ఇస్తాను" అంది.

బ్రాంచి చేతికొస్తే తన వేళలు తనే పెట్టుకోవచ్చు. బుజ్జిదాన్ని బడినుంచి తనే తెచ్చుకోవచ్చు. డిజైనరమ్మకి ఆ ఆశ గట్టిగా పట్టుకుంది.

వాళ్ళ వృత్తిలో ఒక పద్ధతుంది. ఫొటోలు తీసేముందు ఇల్లంతా తిరిగి, ఫ్రేములో ఉండకూడని వాటికి పసుపు చీటీ అంటిస్తారు. పనివాళ్ళు మారుమాట లేకుండా వాటిని బయటికి మోసుకుపోతారు. ఆ ఉదయం డిజైనరమ్మ చీటీల కట్ట పట్టుకుని చకచకా తిరిగింది. పాత ఫ్యానుకొకటి, మందుల డబ్బాకొకటి, మంచం కోడుకొకటి అంటించింది. అప్పటికి తల్లి ఆ మంచం మీదే కూర్చుని బుజ్జిదానికి జడ వేస్తోంది.

"ఏంటే ఇది, నన్ను కూడా అమ్మకానికి పెట్టావా?"

"అబ్బా, నీకు కాదమ్మా. మంచానికి."

"మంచం పోతే నేను గాల్లో కూర్చోనా?"

"ఒక్క పూటే. సాయంత్రానికి మళ్ళీ ఇక్కడే వేయిస్తాను. ఒట్టు."

మంచం ఇంటి వెనక బాల్కనీలోకి, బట్టలుతికే మెషీన్ పక్కకి వెళ్ళింది. గోడ పట్టుకుని తల్లి దాని వెనకే నడిచింది.

మేడమ్‌తోనూ విలేకరితోనూ కలిసి ఫొటోగ్రాఫరు వచ్చి హాలంతా కలయజూశాడు. "బాగుందండీ, కానీ హోటల్లా ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా? ఒక అమ్మమ్మో నానమ్మో ఉంటే నిండుగా ఉంటుంది."

డిజైనరమ్మ నోరు తెరిచింది. మేడమ్ అప్పటికే బాల్కనీ వైపు తొంగిచూసింది. అక్కడ మోకాళ్ళకి కట్లూ, ముందు పళ్ళు రెండు ఊడిన నోరూ కనబడ్డాయి.

"ఆవిణ్ణి శ్రమ పెట్టొద్దులే. మా పిన్ని పక్కవీధిలోనే ఉంటుంది, పిలిపిస్తాను."

పిన్నిగారు దిగింది. వెండితీగల్లాంటి జుట్టు, ఇస్త్రీ నలగని బట్టలు. సోఫాలో ఆవిడ వెనక దిండు సర్దింది డిజైనరమ్మే. ఫొటోయేగా, ఫొటో కోసం ఎవరైతేనేం అనుకుంది. బుజ్జిదాన్ని తెచ్చి ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టింది.

"ఈవిడెవరు?"

"అమ్మమ్మ అనుకో, తల్లీ."

"అమ్మమ్మ బాల్కనీలో ఉందిగా!"

ఫొటోగ్రాఫరు నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. పిల్ల మాత్రం కర్రలా బిగుసుకుపోయింది. చాక్లెట్ చూపించారు, టాబ్ ఇస్తామన్నారు. దాని మొహం విచ్చుకోలేదు. మేడమ్ గడియారం చూసుకోవడం చూసి డిజైనరమ్మ బాల్కనీలోకి పరిగెత్తింది.

"అమ్మా, కెమెరా వెనక నిలబడి కాస్త దాన్ని నవ్వించవూ?"

"నిలబడాలా?"

"కూర్చుంటే దానికి కనబడవు."

తల్లి మంచం అంచు పట్టుకుని లేచింది. లైటు స్టాండు పట్టుకుని ఫొటోగ్రాఫరు వెనక నిలబడి, బుగ్గలు పూరించి, ఊడిన పళ్ళ సందులోంచి నాలిక బయటపెట్టింది. బుజ్జిది కిలకిలా నవ్వేసింది.

"అదీ! ఎంత సహజంగా వచ్చిందో!" అన్నాడు ఫొటోగ్రాఫరు. మోకాళ్ళు వణుకుతున్నా ఆవిడ కోతిమొహాలు పెడుతూనే ఉంది. పిల్ల కళ్ళు మాత్రం ఒక్క ఫొటోలోనూ పిన్నిగారి వైపు లేవు.

తర్వాత విలేకరి అడిగింది. "సాయంత్రాలు ఎలా గడుపుతారండీ?"

"ఆరు దాటితే ఫోన్ ముట్టుకోనండీ. ఆ టైమంతా మా పాపదే" అంది డిజైనరమ్మ.

వెనక తల్లికి పెద్ద దగ్గొచ్చింది. నిజం దగ్గే అనుకున్నారంతా.

అందరూ వెళ్ళాక మేడమ్ ఆగింది. "ఇల్లు ఇలాగే ఉంచు. బ్రాంచి ఆఫీసు తయారయ్యేదాకా క్లయింట్లని ఇక్కడికే తీసుకొద్దాం. పత్రికలో చూసిన ఇల్లు కళ్ళెదుట కనబడితే ఇంక మారు మాట్లాడరు."

"ఎప్పుడెప్పుడు వస్తారు మేడమ్?"

"వాళ్ళకి తీరికైనప్పుడు. సాయంత్రాలూ, సెలవు రోజులూ. బ్రాంచి నీదే అనుకో ఇక."

డిజైనరమ్మ తలూపింది. తలుపు వేసి వచ్చి హాలు మధ్యలో నిలబడింది. కిటికీలోంచి ఎండ అడ్డులేకుండా నేలంతా పరుచుకుంది. ఎంత బాగుందో! మంచం ఉన్నన్నాళ్ళూ ఆ కిటికీ అంత పెద్దదని తోచనే లేదు.

"మంచం తెప్పిస్తావా?" బాల్కనీలోంచి తల్లి కేకేసింది.

"అమ్మా, ఒక్కమాట..." అంటూ వెళ్ళి సంగతంతా చెప్పింది.

తల్లి విని, మోకాలి కట్టు విప్పి మళ్ళీ కట్టుకుంది. "సరే. రేపు మీ తమ్ముడి దగ్గరికి పోతాను."

"నువ్వెళ్తే బుజ్జిదాన్ని ఎవరు చూస్తారే అమ్మా?"

"పిన్నిగారుందిగా. సహజంగా ఉంటుందట."

ఆ మాటకి కూతురు ఏడవలేదు, బతిమాలలేదు. గుమ్మం దగ్గరికెళ్ళి లోపలికి కేకేసింది. "బుజ్జీ, అమ్మమ్మ మనల్ని వదిలేసి వెళ్ళిపోతుందట. ఇంక రాదట."

పిల్ల పరిగెత్తుకొచ్చి అమ్మమ్మ మెడ పట్టుకుని, వద్దు వద్దని గుక్కపట్టి ఏడ్చింది. తల్లి దాని వీపు నిమురుతూ కూతుర్ని చూసింది. "ఎక్కడ నొక్కాలో నీకు బాగా తెలుసే."

"అంటే వెళ్ళవుగా?"

తల్లి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. అది చాలు. డిజైనరమ్మ కళ్ళలో వెలుగొచ్చింది. మంచం అంచున కూర్చుని కాయితం మీద గబగబా గీసింది. చెప్పుల అలమారా తీసేస్తే హాలు మూల ఒక అర దొరుకుతుంది. అందులో సన్నటి మంచం, ముందు జారుడు తలుపు. మూస్తే గోడే అనుకుంటారు.

"ఎవరూ లేనప్పుడు తీసేసుకోవచ్చమ్మా. హాలంతా నీదే!"

"గాలో?"

"పైన సందు వదులుతాను."

"గడియ లోపలా, బయటా?"

"బయటే. బుజ్జిదానికి అందని ఎత్తులో. లేకపోతే క్లయింట్లున్నప్పుడు ఇది తలుపు లాగేస్తుందిగా." ఆ మాట అంటూనే జేబులోంచి కొలిచే టేపు తీసింది. "ఒకసారి పడుకో, చూద్దాం."

తల్లి పడుకుంది. డిజైనరమ్మ తల దగ్గర టేపు ఆనించి లాగింది. అర పొడవుకంటే పాదాలు ఇవతలికి వచ్చాయి.

"కాస్త ముడుచుకోమ్మా. ఎలాగూ ముడుచుకునే పడుకుంటావుగా."

కట్లు కట్టిన మోకాళ్ళని ఆవిడ మెల్లగా పైకి లాక్కుంది. అమ్మమ్మ ఎక్కడికీ వెళ్ళడంలేదని బుజ్జిదానికి హుషారొచ్చింది. కన్నీళ్ళు తుడుచుకుని, టేపు కొస తనకిమ్మని అడిగి, జారిపోకుండా అమ్మమ్మ మడమ దగ్గర గట్టిగా నొక్కిపట్టింది.