లిన్ అద్దెకున్న గది

సూళ్లూరుపేటలో సినిమా కోసం తీసుకున్న గదికి తామిద్దరంటే గిట్టదని చిజురుకు మొదటి రోజే తెలిసిపోతుంది. ఆమె పడమటి తలుపులోంచి, బోరా తూర్పు తలుపులోంచి లోపలికి వస్తారు. ఒకరికొకరు తల వంచి నమస్కరించుకోగానే గది ఒక మంచం పట్టేంత మేర పొడుగవుతుంది. లైట్లవాళ్లు విసుక్కుంటూ వైర్లకు అతుకులు వేసుకుంటారు.

చిజురుది ఒసాకా. అక్కడి చిన్న నాటకశాలల్లో శవాల పక్కన కూర్చుని ఏడ్చే వేషాలు చాలా వేసింది. బోరా బుసాన్ నుంచి వచ్చింది. సబ్బు ప్రకటనల్లో చేతులు మాత్రమే కనిపించే నటి. డైరెక్టర్ శేషఫణి ఇద్దరినీ ఒకే పాత్రకు తీసుకున్నాడు. ఆ పాత్ర పేరు లిన్. తైవాన్ నుంచి వచ్చి ఇక్కడి ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఈ గది అద్దెకు తీసుకుని ఒంటరిగా బతుకుతుంది. ముందు నుంచి తీసే షాట్లలో లిన్‌గా చిజురు ఉంటుంది, వెనక నుంచి తీసేవాటిలో బోరా.

"మనిషికి ముందు వైపు ఉండే ఒంటరితనం వేరు, వెనక వైపుది వేరు. అందుకే ఇద్దర్ని పెట్టుకున్నాను" అని ఎవరూ అడగకుండానే శేషఫణి చెబుతాడు. "తేడా కనిపెట్టేవాళ్లు ఈ జిల్లాలో లేరులెండి."

ఇంటి యజమానురాలు పెంచలమ్మ క్యారియర్లు తెచ్చి గడప మీద పెడుతుంది. లోపలికి రాదు.

"ఏమే చైనా పాపా, బువ్వ పెట్టుండా, తిను. మీలో ఎవురు ఎవురో నాకు తెలీదు. తెలుసుకొనేదానికి నాకు తీరిక లే."

నటీమణులిద్దరికీ ఉమ్మడి భాష లేదు. స్క్రిప్టులో లిన్ పలికే తెలుగు మాటలు మాత్రం ఇద్దరికీ కంఠతా వచ్చు. వాటితోనే మాట్లాడుకుంటారు.

"కరెంటు మళ్లీ పోయిందా?" అని బోరా పొద్దున్నే పలకరిస్తుంది. ఎలా ఉన్నావని దానర్థం.

"ఇన్వర్టర్ ఉందండీ" అంటుంది చిజురు. పరవాలేదని.

"బస్సు ఎక్కడ ఆగుతుంది?" అంటే ఇంటి మీద బెంగగా ఉందని. "కూరలో కారం తగ్గించండి" అంటే ఏడవకని. ఆ మాట అంటున్నప్పుడు చిజురు గొంతు తన కూతురితో మాట్లాడినట్టు మెత్తబడుతుంది. ఆమెకు కూతురు లేదు.

వాళ్లు మాట్లాడుకున్నప్పుడల్లా గది పొడుగవుతూనే ఉంటుంది. మొదట కేకవేసి పిలవాల్సి వస్తుంది. తర్వాత మధ్యలో ఒక షేర్ ఆటో తిరగడం మొదలుపెడుతుంది. పెంచలమ్మ ఇప్పుడు ఒక క్యారియరు గడప దగ్గర దించి, రెండోది ఆటోవాడికిచ్చి పంపుతుంది. గోడలకు సున్నం చాలక, దూరాన ఇటుకలు బయటపడతాయి.

శేషఫణి అప్పటిదాకా తీసినదంతా చూసుకుని చిజురు దగ్గరికి వస్తాడు. కోపాన్ని మర్యాదగా మడిచి పట్టుకున్న మనిషి.

"లిన్‌కు స్నేహితులు లేరు మేడమ్. మీరిలా మాట్లాడుకుంటుంటే ఒంటరితనం పలచబడిపోతోంది. తెర మీద తెలిసిపోతోంది."

ఆమె ఎదుటే స్క్రిప్టు తీసి కారం గురించిన మాట కొట్టేస్తాడు. ఆ క్షణమే ఆ మాట ఆమె నోట్లోంచి పోతుంది. పన్ను ఊడిన చోట తడిమినట్టు నాలుకతో వెతుక్కుంటుంది. తర్వాత కరెంటు మాట పోతుంది, ఇన్వర్టరు మాట పోతుంది, బస్సు మాట పోతుంది.

మధ్యాహ్నం దూరాన బోరా భుజాలు అదురుతుంటాయి. చిజురు నోరు తెరుస్తుంది. గాలి తప్ప ఏమీ రాదు.

"ఏడస్తా ఉండాది ఆ పాప" అంటుంది పెంచలమ్మ గడప మీద నిలబడి. "ఏడిస్తే పటం బాగొస్తాదంట గదా. ఏడవనీ."

లిన్‌కు ఒకే ఒక్క మాట మిగులుతుంది. శేషఫణి కెమెరాను చిజురు ముఖానికి అంగుళం దూరంలో పెట్టించి ఆ మాట నెమ్మదిగా చదివి వినిపిస్తాడు. "ఈ గదిలో నేను తప్ప ఎవరూ లేరు."

"కెమెరా చూస్తూ అనండి. మీరు అనగానే అది నిజమవుతుంది. సినిమా ముగుస్తుంది. ఆ రెండో ఆవిడ సంగతి మీరు పెట్టుకోకండి, ఇక వెనక నుంచి తీసే షాట్లు లేవు."

చిజురుకు ఆ మాట నాలుక చివరి దాకా వస్తుంది. పలకడం చాలా తేలిక. ఎన్నో ఏళ్లుగా ఒక సినిమా ముగింపులో తన ముఖం ఒక్కటే తెర నిండా ఉండాలని ఆమె కోరుకుంది. ఆమె పళ్లు బిగించి కెమెరాకు వీపు తిప్పుతుంది.

"మేడమ్, మీకు వెనక వైపు లేదు" అంటాడు శేషఫణి.

అది నిజమే. ఇన్నాళ్లూ వాడకపోవడంతో ఆమె వీపు పోయింది. గాలి నేరుగా పక్కటెముకలకు తగులుతుంది. లైట్లవాళ్లు నవ్వుతారు. ఒకడు లైటును ఆమె లోపలికే తిప్పుతాడు. ఆ వేడి గుండెకు తగులుతున్నా ఆమె నడక ఆపదు.

షేర్ ఆటో పక్కన ఆగుతుంది. డ్రైవరు ఆమెను ముందూ వెనకా చూస్తాడు. "సగం మనిషిని ఎక్కించుకోను. ఎనకాల కూచొనేవోళ్లు జడుసుకుంటారు" అని వెళ్లిపోతాడు.

ఆమె నడుస్తుంది. నేల మీది టైల్సు కాస్తా సిమెంటవుతాయి, సిమెంటు ఇసుకవుతుంది. వెనక పెంచలమ్మ అరుస్తూనే ఉంటుంది. "నా ఇంట్లో అంత దూరం పొయ్యేదానికి నీకు ఎవురు చెప్పినారు?" గది తూర్పుకు సాగి సాగి పులికాట్ సరస్సులోకి వెళ్లిపోయింది. ఉప్పునీళ్లు మడమలు దాటి మోకాళ్ల దాకా వస్తాయి. పైకప్పు మాత్రం అలాగే ఉంది. ఫ్యాను తిరుగుతోంది.

బోరా నీళ్లలో నిలబడి ఉంది. పిలవడానికి మాట లేక చిజురు ఆమె భుజం పట్టి తిప్పుతుంది. ఎవరూ ముందు నుంచి తీయకపోవడంతో బోరా ముఖం అరిగిపోయి ఉంది. కళ్ల గుంతలు నునుపు తేలాయి. నోరు ఒక్కటే మిగిలింది, అదీ తెరుచుకుంటోంది. మిగిలిన ఆ ఒక్క మాట ఆమెకూ వచ్చు.

చిజురు అరచేత్తో ఆ నోరు మూస్తుంది. అదే క్షణంలో బోరా చేయి తడుముకుంటూ వచ్చి చిజురు నోటి మీద పడుతుంది. ఇద్దరి నోళ్లలోనూ ఆ మాట చేపలా కొట్టుకుంటుంది. బోరా కొరుకుతుంది. చిజురు చేతిలోంచి రక్తం కారుతుంది. అయినా చేయి తీయదు. తానూ కొరుకుతున్నానని ఆమెకు తర్వాత తెలుస్తుంది.

చుట్టూ సరస్సు నిండా ఫ్లెమింగోలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. ఒక్కటీ కదలదు. దూరాన శేషఫణి "కట్" అనడం వినిపిస్తుంది.

అప్పుడు పక్షులన్నీ ఈకల్లో దాచుకున్న రెండో కాలు కిందికి దించుతాయి. అవి ఆడవాళ్ల కాళ్లు. మోకాళ్ల దాకా నీలం ప్యాంట్లు, పాదాలకు లిన్ పనిచేసే ఫోన్ల ఫ్యాక్టరీ బూట్లు. మడమలు ఒరుసుకుపోయి ఉన్నాయి. ఒక సన్నని కాలు, ఒక బరువైన కాలు వేసుకుంటూ, నేల అదిరేలా ఆ గుంపు శేషఫణి కెమెరా ఉన్న పడమటి తలుపు వైపు నడవడం మొదలుపెడుతుంది.