అచ్చొచ్చిన బీడ్

నేను ఒక చోట కుదురుగా ఉండలేని దాన్ని. అది నా గుణం కాదు, నా పని. రసాయన పరిశోధన చేసేవాళ్ళు నన్ను బీడ్ అంటారు. వేలి గోరంత అయస్కాంతం ముక్క, దాని మీద తెల్లని టెఫ్లాన్ తొడుగు, అంతే నేను. నన్ను గాజు ఫ్లాస్కులో వేసి, ఫ్లాస్కును స్టిరర్ అనే పెట్టె మీద పెట్టి మీట తిప్పుతారు. పెట్టె లోపల ఇంకో అయస్కాంతం తిరుగుతుంది, దాని వెంట నేనూ తిరుగుతాను. నేను తిరిగితే ఫ్లాస్కులో ఉన్నదంతా కలుస్తుంది. మీట కట్టేస్తే నాకు ఊపిరాడదు. తిరుగుతున్నంతసేపూ ఎప్పుడు కట్టేస్తారో అని బెంగ. ఇదీ నా బతుకు.

ఎక్కడో ఒక కార్ఖానాలో పుట్టాను. పుట్టగానే మా అందరినీ ఒకే సంచిలో పోశారు. అయస్కాంతాలం కదా, ఒకరినొకరు కరుచుకుని వదల్లేదు. విశాఖపట్నంలో ఒక పరిశోధన సంస్థ వాళ్ళు మమ్మల్ని కొని, బలవంతంగా విడదీసి, బల్లకొకరి చొప్పున పంచారు. ఆ తరవాత నన్నెవరూ అంత గట్టిగా పట్టుకోలేదు. అక్కడి మనుషులు చిత్రమైనవాళ్ళు. బల్ల మీద ఎవరైనా ఉంగరం మరిచిపోతే వెతికి మరీ తెచ్చిస్తారు. పక్కవాడి బీడ్ కనిపిస్తే మాత్రం కోటు జేబులో వేసుకుని ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోతారు. అడిగితే అందరూ అమాయకులే.

నా మొదటి యజమాని సాల్మన్. మనిషి మంచివాడు, కడగడం ఒక్కటే చేతకాదు. అతని పనంతా పల్లాడియం అనే లోహంతో. ఆ లోహం చిటికెడు పడితే చాలు, ఒకదాని మొహం ఒకటి చూడని పదార్థాలు కూడా కలిసిపోతాయి. కలిపేసి అది పక్కకు తప్పుకుంటుంది, పెళ్ళిళ్ళ పేరయ్యలాగా. పని అయ్యాక ఫ్లాస్కు అడుగున నల్లటి మడ్డి మిగిలేది. సాల్మన్ నా మీద కాస్త అసిటోన్ పోసి, ఒకసారి ఆడించి, డ్రాయరులో పడేసేవాడు. గాజుకు కొట్టుకుని కొట్టుకుని నా తొడుగు మీద గీతలు పడ్డాయి. ఆ గీతల్లోకి మడ్డి దూరింది. తెల్లని ఒంటి మీద బూడిదరంగు మచ్చ తేలింది. ఎవరూ పట్టించుకోలేదు. అతనికి మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. నేను విరిగిన థర్మామీటర్ల మధ్య డ్రాయరులోనే ఉండిపోయాను. ఆ చీకట్లో కదలకుండా పడి ఉండటం కన్నా మరిగే యాసిడ్‌లో తిరగడం నయం.

నన్ను బయటికి తీసింది నూకరత్నం. అనకాపల్లి పక్కన బెల్లం వండేవాళ్ళ ఇంటి పిల్ల, ఉమాబాల మేడం దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. ఆ ఉదయం ఆమె బీడ్ ఎవరి జేబులోకో చేరింది. తిట్టుకుంటూ డ్రాయర్లన్నీ లాగింది. నేను దొరికాను. మచ్చ చూసి మొహం చిట్లించి, గతిలేక ఫ్లాస్కులో వేసింది.

ఆమె చేస్తున్న పని మీకు చెప్పాలి. కార్బన్ పరమాణువులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వలయంలా నిలబడతాయి. ఆ వలయంలో ఒక చోట నైట్రోజన్‌ను నిలబెడితే దాని తీరే మారిపోతుంది. మలేరియా మాత్రలో అలాంటి వలయమే ఉంది, మీరు తాగే కాఫీలోనూ ఉంది. అలాంటి వలయాలు కట్టడానికి దారులు చాలానే ఉన్నాయి, కానీ వాటిలో చాలావాటికి ఏదో ఒక లోహం కావాలి. మందులో లోహం మిగిలితే మనిషికి చేటు. దాన్ని కడిగి తీయడం మందు చేయడం కన్నా పెద్ద తలనొప్పి. అందుకని లోహం ఊసే లేకుండా వలయం కట్టే కొత్త దారి కోసం రత్నం వెతుకుతోంది. ఏళ్ళు గడిచాయి. ఆమెకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్ డబ్బు వచ్చే వేసవితో ఆగిపోతుంది. ఈలోగా దారి దొరక్కపోతే చదువు మధ్యలో ఆగిపోయినట్టే.

నేను తిరిగాను. చాలాకాలం తరవాత కదా, పూనకం వచ్చినట్టు తిరిగాను. సాయంత్రం ఆమె ఫ్లాస్కులోంచి ఒక బొట్టు తీసి చిన్న తెల్ల పలక మీద పెట్టింది. కొత్త పదార్థం పుడితే నీలి దీపం కింద ఆ పలక మీద కొత్త చుక్క మెరుస్తుంది. మెరిసింది, లేత ఆకుపచ్చగా. రత్నం పలకను పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకుంటే గ్లవ్‌కు అంటిన రసాయనం తగిలి కళ్ళు మండి ఇంకాస్త ఏడ్చింది.

అప్పటినుంచి నేను ఆమెకు అచ్చొచ్చిన బీడ్‌నయ్యాను. అక్కడే వచ్చింది చిక్కంతా. ఆ రియాక్షన్ ఎన్నిసార్లు చేసినా నన్నే వేసేది. గాజు మార్చింది, వేడి మార్చింది, ద్రావకం మార్చింది, నన్ను మాత్రం మార్చలేదు. అసిటోన్‌తో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, కుంకుమ భరిణెలో దాచేది. దసరాకి ల్యాబులో యంత్రాలన్నిటికీ ఆయుధపూజ చేస్తే నాకూ ఒక బొట్టు పెట్టింది. నేనెంత గర్వపడ్డానో! కాని ప్రతిసారీ ఫ్లాస్కులో తిరుగుతుంటే నా గీతల్లోంచి ఏదో కొంచెం కొంచెం రాలడం నాకు తెలుస్తూనే ఉండేది. కలుపుతున్నది నేను కాదు, నాలో ఉన్న సాల్మన్ మడ్డి. లోహం లేని దారి అని ఆమె మురిసిపోతోంది. లోహం ఆమె భరిణెలో బొట్టు పెట్టించుకుని కూర్చుంది. చెప్పాలని గోడలకు తగిలి టకటకలాడేదాన్ని. ఆమె వేగం తగ్గించేది, అంతే.

మేడం ఈ కొత్త దారి గురించి వ్యాసం రాసి ఒక పరిశోధన పత్రికకు పంపారు. వాళ్ళు మెచ్చుకుని, చివరి కాపీ పంపమన్నారు. ఇంతలో లిఖిత అనే కొత్తమ్మాయి చేరింది. ఈ దారినే ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళమని మేడం ఆమెకు అప్పగించారు. లిఖిత శుభ్రమైన పిల్ల. కొత్త బీడ్ కొనిపించుకుంది. ఎన్నిసార్లు చేసినా ఆమె పలక మీద చుక్క రాలేదు. తన చెయ్యే మంచిది కాదేమోనని బాత్రూములో ఏడ్చి వచ్చేది. మేడం మొదట లిఖితను కేకలేశారు. తరవాత రత్నం వైపు తిరిగారు.

"నువ్వు చేస్తే అవుతోంది, ఆ పిల్ల చేస్తే అవడం లేదు. ఈ పద్ధతి వాడుకునేవాళ్ళందరికీ నిన్ను కూడా పార్సిల్ కట్టి పంపమంటావా?"

"నేనేటీ దాచలేదు మేడం," అంది రత్నం.  దొంగ లెక్క చూపించానని అనుకుంటున్నారేమోనని తన నోటుబుక్ తెచ్చి మేడం ముందు తెరిచి పెట్టింది.

మర్నాడు ఇద్దరూ తన కళ్ళముందే చెయ్యాలన్నారు మేడం. ఒకే సీసాలోంచి తీసిన పదార్థాలు, ఒకే తక్కెడ, పక్కపక్కనే రెండు ఫ్లాస్కులు. లిఖిత చేతులు వణికి గరిట జారింది. రత్నం ఆమెను చూసింది. నిన్నటి మాటకు తన కళ్ళు కూడా ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అయినా భరిణె మూత తీసింది.

"ఏటా వణుకు? ఇదిగో, నా బీడ్ వేసుకో. నాకిది అచ్చొచ్చింది, నీకూ వస్తాది."

నన్ను లిఖిత ఫ్లాస్కులో వదిలి, తన ఫ్లాస్కులో కొత్త బీడ్ వేసుకుంది. నాకు కాళ్ళూ చేతులూ ఉంటే బయటికి దూకేదాన్ని. మీట తిప్పారు. పక్కన కొత్త బీడ్ హుందాగా తిరుగుతోంది, దానికేం తెలుసు. మధ్యాహ్నానికి రెండు పలకలూ దీపం కిందకి వచ్చాయి. లిఖిత పలక మీద ఆకుపచ్చ చుక్క. రత్నం పలక ఖాళీ.

లిఖిత అక్కా అంటూ రత్నాన్ని వాటేసుకోబోయి ఆగిపోయింది. రత్నం మొహంలో రక్తం లేదు. చాలాసేపు రెండు పలకలనూ చూసి, నన్ను పటకారుతో పైకి తీసి, నీళ్ళతో కడిగి, కిటికీ దగ్గర వెలుగులో తిప్పి తిప్పి చూసింది. మచ్చ మీద ఆమె చూపు ఆగింది. నేను సాల్మన్ డ్రాయరులో దొరికానని ఆమెకు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ నేను అరిచి చెప్పలేనిది ఆ ఒక్క చూపులో ఆమెకు తెలిసిపోయింది. నాకు భయం వేసింది.

"లోహం లేదని రాసాం మేడం. ఉంది. దీని ఒంట్లోనే ఉంది."

మేడం సాల్మన్‌కు ఫోన్ చేశారు. వాడింది పల్లాడియమేనని అతను ఒప్పుకున్నాడు. మేడం ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డారు. చివరి కాపీ పంపాల్సింది రేపే. ఆవిడ గుమ్మం వైపు ఒకసారి చూసి, మెల్లగా అన్నారు.

"ఇది చూసింది మనం ముగ్గురమే రత్నం. నీకు వేసవి దాకానే ఫెలోషిప్."

 రత్నం నన్ను అరచేతిలో పెట్టుకుని అంది, "ఎక్కడో ఇంకో లిఖిత కొత్త బీడ్ వేసుకుని చేస్తాది మేడం. అవ్వదు. తన చేతిలోనే లోపం ఉందని ఏడుస్తాది."

 మేడం లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు రాశారు.  కొత్త బీడ్‌తో, పల్లాడియం పిసరంత వేసి మళ్ళీ చేశారు. ఆకుపచ్చ చుక్క తేలింది. ఇక అనుమానానికి చోటు లేదు.

వేసవి వచ్చింది, ఫెలోషిప్ ఆగిపోయింది. రత్నం పొద్దున్నే ఇంటర్ కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం ఇక్కడికి వస్తోంది. నన్ను కడగనివ్వలేదు. మచ్చతోనే చిన్న గాజు సీసాలో వేసి బల్ల మీద పెట్టింది. కొత్తగా చేరినవాళ్ళకు మేడం నన్ను చూపించి, బీడ్‌లు ఎలా కడగాలో చెబుతారు. వాళ్ళు నన్ను పాముపిల్లను చూసినట్టు చూస్తారు. బొట్టు పెట్టించుకున్నదాన్ని. ఏం చేస్తాం.

ఇవాళ ఆమె మళ్ళీ అదే వలయం కోసం మరో దారి పట్టింది. కొత్త గాజు, కొత్త బీడ్. స్టిరర్ తిరగడం మొదలవగానే నా సీసాలో నేనూ ఎగిరెగిరి పడ్డాను. ఆ లాగుడు నాకు తెలుసు, ఆగలేను. ఒక్కసారి నన్ను ఆ ఫ్లాస్కులో వదిలితే చాలు, సాయంత్రానికి ఆమె మొహం మళ్ళీ వెలుగుతుంది. ఆ ఆశతోనే గాజుకు కొట్టుకుంటున్నాను. చప్పుడు విని రత్నం ఇటు తిరిగింది. సీసా చేతిలోకి తీసుకుంది. కోప్పడుతుందనుకున్నాను.

"నువ్వు దూరంగా ఉండమ్మా. ఈసారి వస్తే నిజంగా రావాల."

తీసుకెళ్ళి గది ఆ చివర కిటికీ గూట్లో పెట్టింది. ఇక్కడికి ఆ లాగుడు దాదాపు అందదు. ఏదో సన్నగా, పిలిచీ పిలవనట్టు తగులుతోంది. కావాలంటే కదలొచ్చు. ఆమె పలక మీద బొట్టు పెట్టి దీపం వైపు నడుస్తోంది. పుట్టాక మొదటిసారి, నా అంతట నేనే కదలకుండా ఉన్నాను.