నుదుటి నడుమ నొక్కు

మధ్యాహ్నానికి పెద్దమ్మ నూట పది తలలు కోసింది. ఐసులో నానిన వేళ్లు మొద్దుబారాయి. కత్తి తగిలినా తెలియదు. నెత్తురు చూసే తెలుసుకోవాలి, అదైనా చేపదో తనదో.

రేవు షెడ్డులో ముప్పై ఏళ్లుగా ఆమెది ఇదే పని. అక్కడికి సుత్తితల సొరచేపలు రెండు రకాలు వస్తాయి. ఒళ్లు చూస్తే అక్కాచెల్లెళ్లు. తేడా అంతా తలలోనే. ముందంచు నడుమ నొక్కు ఉంటే ఒకటి, నున్నగా ఉంటే మరొకటి. నున్నవీ తగ్గాయి గానీ పట్టుకోనిస్తున్నారు. నొక్కువి అడుగంటిపోయాయి. పట్టకూడదని చట్టం.

అందుకే మత్స్యశాఖ తనిఖీ ఆయన రాకముందే తలలు కోసి పారేయడం షెడ్డులో ఆనవాయితీ. తల పోతే రెండూ ఒకటే. ఏ రకమని ఆయన పెద్దమ్మను అడుగుతాడు. "నున్నవే" అంటుంది. రాసుకుంటాడు. యజమాని ఇచ్చే రోజు కూలి నాలుగు వందలు, ఆ మాటకు ఇంకో యాభై.

కొత్త గంప దించారు. పక్కనే కోస్తున్న కోడలు ఒకదాన్ని వెల్లకిలా తిప్పింది.

"అత్తా, బొడ్డు పుండైనా మానలేదు. మొన్న పుట్టినవి."

పెద్దమ్మ తల తడిమింది. నొక్కు. ఇంకొకటి తడిమింది. నొక్కే. పెద్దవి రావడం అరుదై రెండేళ్లయింది. వచ్చిన తల్లులను తనే కోసింది. ఇవీ అయిపోతే ఇక వచ్చేవి లేవు. అంతకు మించి ఏమీ అనిపించలేదు. కత్తి మాత్రం పలక మీద పెట్టేసింది.

"ఏంటే, పెళ్లిచూపులా?" యజమాని వచ్చాడు. "కానీండి, ఆయన గేటు దాటాడు."

"ఇవన్నీ నొక్కువే బాబూ."

"నిన్నటివి కావా? నిన్న లేని నొప్పి ఇవాళెక్కడిది?"

పెద్దమ్మ "నిన్నటివి కూడా" అంది.

"రేపు మీ ఇద్దరికీ పని కావాలా, వద్దా?"

ఈలోగా తనిఖీ ఆయన వచ్చేశాడు. గంప నిండా తలలతో సహా చేపలు. ఆయన కాగితం మీంచి కళ్లెత్తలేదు.

"నున్నవే కదా పెద్దమ్మా?"

"కాదు."

పెన్ను ఆగింది.

"ముసల్దానికి చూపానదు సార్" అని యజమాని నవ్వాడు.

"చూపెందుకు బాబూ? నీ వేలు పెట్టి చూడు."

ఎవరూ వేలు పెట్టలేదు. తనిఖీ ఆయన ఎండలో ఉన్న పడవల వైపు తిరిగి నిలబడ్డాడు. యజమాని కోడలితో నెమ్మదిగా అన్నాడు.

"ఆవిడ రోజులు అయిపోయాయి. నువ్వు పిల్లలదానివి. నువ్వు కొయ్యమ్మా."

కోడలు అత్త మొహం చూసింది. అందులో ఏమీ లేదు. గంపలోంచి ఒక సొర పిల్లను తీసి పలక మీద పెట్టింది. కత్తి దాని మెడకు ఆనించింది.

అక్కడే ఉంచింది. కొయ్యలేదు, తియ్యలేదు.