లచ్చిని తెచ్చే బండి

పట్నంలోని హుస్సేనీ ఆలంలో మేము పాలు పోసే ఇళ్లు పదకొండు. పోయడమంటే క్యానులో తెచ్చి కొలవడం కాదు. బర్రెను గుమ్మం ముందు నిలబెట్టి, ఇంటివాళ్లు చూస్తుండగా వాళ్ల గిన్నెలోకే పిండాలి. మా తాత కాలం నుంచి ఇదే పద్ధతి. నీళ్లు కలిపారనే మాట మా ఇంటి మీద ఎన్నడూ రాలేదు. రావడానికి సందే లేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, మా కొట్టం ఉన్న జాగాను దాని యజమాని అమ్ముకున్నాడు. మేము సామాను సర్దుకుని, బర్రెలను తోలుకుని, పట్నం బయట బుద్వేల్‌లో మా మేనమామ పొలం పక్కకు మారిపోయాం. అక్కడ గడ్డికి, నీళ్లకు కొదవ లేదు. కానీ పదకొండు గిన్నెలు హుస్సేనీ ఆలంలో ఉండిపోయాయి. మధ్యలో ఆరు మైళ్ల దూరం.

మొదటి నెల నడిపించుకునే వచ్చాను. లచ్చి, దానికి తోడుగా ఇంకో బర్రె. తారు రోడ్డు మీద నడిచి నడిచి లచ్చి గిట్టలు అరిగాయి. ఒకరోజు బహదూర్‌పురా దగ్గర రోడ్డు మీదే కూర్చుండిపోయింది. అది లేచేదాకా నేనూ దాని పక్కనే కూర్చున్నాను. ఇక బండి కావాలని ఆ రోజే అనుకున్నాను. ట్రాలీలో రెండు బర్రెలను నిలబెట్టి గుంజుకొచ్చే జీపు కావాలి. ట్రాలీ మేనమామ దగ్గర ఉంది. వయసులో ఉన్నప్పుడు ఉస్మాన్‌గంజ్‌లో ఒక దాణా దుకాణం వ్యాను రెండేళ్లు తోలాను కాబట్టి లైసెన్సుకు ఇబ్బంది లేదు.

పాత బండ్లు కొని అమ్మే ప్రహ్లాద్ దగ్గర రెండు జీపులు ఉన్నాయి. ఒకటి మిలిటరీ వేలంలో వచ్చిన పెట్రోలు జీపు. రెండోది వెనక బాడీ కోసి, చెక్కలతో డబ్బా కట్టించిన డీజిలు జీపు. ప్రహ్లాద్ మంచివాడే. "రెండూ తోలి చూసుకో మొగులయ్యా. ఎనిమిది రోజులు టైం. శనివారం నాడు ఒకటి ఉంచుకో, ఒకటి నాకు తెచ్చియ్యి," అన్నాడు.

నాకు ఇంజన్ల సంగతి అంతగా తెలియదు. అందుకని ఇస్సాకును పిలుచుకున్నాను. ఇస్సాకు బస్సుల వర్క్‌షాపులో మెకానిక్కు. పాత గల్లీలో మా పక్కింటివాడు. ఆదివారం చర్చి నుంచి తెల్లచొక్కాతో నేరుగా వచ్చి, చొక్కా విప్పి చెట్టుకు తగిలించి, బానెట్ కింద తల పెట్టాడు.

"పెట్రోలు బండి ఉరుకుతది అన్నా. డీజిలు గుంజుతది. నీకు ఉరుకుడు గావాల్నా, గుంజుడు గావాల్నా?"

"రెండు బర్రెలతోని ఉరికి యాడికి పోత భాయ్."

"గంతే మరి. నూనె ఖర్సు గూడ సగమైతది. ఇంకేం ఫికర్?"

అయినా చూడకుండా నమ్మడం ఎందుకని, రెండు బర్రెల బరువుకు సరిపోయేలా పదహారు పత్తిచెక్క బస్తాలు ట్రాలీకెక్కించాం. శివరాంపల్లి దగ్గర ఒక మెరక ఉంది. కాలినడకన పోయేవాడికి తెలియదు కానీ, బరువుతో పోయేవాడికి బాగా తెలుస్తుంది. పెట్రోలు జీపు ఆ మెరక సగం ఎక్కేసరికి రేడియేటరు మరిగి ఆవిరి పైకి తన్నింది. చల్లారి, నీళ్లు పోసుకుని కదిలేసరికి అరగంట పట్టింది. డీజిలు జీపు అదే మెరకను ఆగకుండా, గేరు కూడా మార్చకుండా ఎక్కేసింది.

మేమిద్దరం సంబరంగా ఇంటికొచ్చి బస్తాలు దించుతుంటే నా భార్య సత్తెమ్మ వాకిట్లో నిలబడి చూసింది.

"మస్తు గుంజింది వదినా," అన్నాడు ఇస్సాకు.

"బస్తాలు గుంజింది. బస్తాలు పాలిస్తయా ఏంది, గంత మురిసిపోతున్నరు?" అంది.

ఇద్దరం నవ్వాం.

మా ఇంట్లో ఏ పెద్ద పనైనా ఎల్లమ్మ తల్లిని అడగకుండా మొదలుపెట్టం. ఆ సాయంత్రం స్నానం చేసి, రెండు చీటీల మీద రెండు నూనెల పేర్లు రాసి, మడిచి, ఇంట్లో అమ్మను నిలిపిన గద్దె ముందు పసుపు పళ్లెంలో వేశాను. ఏ బండి బాగా గుంజుతుందో చెప్పు తల్లీ అని దండం పెట్టుకున్నాను. సత్తెమ్మ కళ్లు మూసుకుని ఒకటి తీసింది. డీజిలు వచ్చింది. మెరక చెప్పింది, మెకానిక్కు చెప్పాడు, అమ్మ కూడా అదే చెప్పింది. ఆ చీటీని గద్దె మీదే దీపం కింద పెట్టాను.

సోమవారం తెల్లవారుతూనే బయలుదేరాను. పొలం గట్టుకు ట్రాలీని ఆనిస్తే బర్రెలు గట్టు మీంచి నేరుగా ఎక్కాయి. దారిలో ఎక్కడా ఆగే పని పడలేదు. హుస్సేనీ ఆలంలో మా మొదటి ఇల్లు ఖుర్షీద్ బేగంది. ఆవిడకు డెబ్బై ఏళ్లుంటాయి. ఆవిడ పెళ్లై వచ్చిన నాడు ఆ గుమ్మం ముందు మా నాయన పిండిన పాలతోనే ఖీర్ వండారట. ఇప్పటికీ ఏడాదికోసారైనా ఆ మాట చెబుతుంది.

లచ్చికి దుడ్డె లేదు. ఈనిన పదో రోజునే పిల్ల చచ్చిపోయింది. అయినా తౌడు బుట్ట ముందు పెట్టి, గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడిగితే చాలు, చేపేది. పొదుగులో ఉన్న పాలను చన్నుల్లోకి దించడాన్ని మేము చేపడం అంటాం. బర్రె చేపకపోతే పొదుగు కుండలా ఉన్నా గిన్నెలో పాలు పడవు. మనిషి బలం అక్కడ పనిచేయదు.

ఆ రోజు లచ్చి చేపలేదు. తౌడు వాసన చూసి మూతి తిప్పుకుంది. చెవులు వెనక్కి పెట్టి, కాళ్లు బిగబట్టి నిలబడింది. వీపు నిమిరాను, మళ్లీ కడిగాను, రోజూ అనే మాటలన్నీ అన్నాను. సన్నటి ధార నాలుగుసార్లు వచ్చి ఆగిపోయింది. రెండో బర్రె కూడా అంతే. పదకొండు ఇళ్లకు గ్లాసుడేసి పాలు కూడా రాలేదు.

బేగం గిన్నెలోకి చూసి, నా వంక చూసింది. "క్యా మొగులయ్యా. రాస్తే మే బేచ్ దియే క్యా?"

దారిలో అమ్ముకున్నావా అని. ఆవిడ నవ్వుతూనే అంది. కానీ పక్క గుమ్మంలో గిన్నెలు పట్టుకుని నిలబడ్డ వాళ్లు నవ్వలేదు.

"లేదు బేగం సాబ్. కొత్త బండి గద, బెదిరినట్టుంది. రేపు సక్కగిస్తది."

మరునాడూ ఇవ్వలేదు. ఆ మరునాడూ అంతే. వింతేమిటంటే, తిరిగి బుద్వేల్ చేరాక మధ్యాహ్నం కొట్టంలో కూర్చుని కడిగితే రెండూ నిండుగా ఇచ్చేవి. ఆ పాలు ఆరాంఘర్ దగ్గర హోటలుకు క్యానులో పోసేవాణ్ని. హోటలువాడికి నురగ ఉంటే చాలు, ఎక్కడ పిండారన్నది అక్కర్లేదు. అంటే బర్రెలకు జబ్బు లేదు. జబ్బేదో దారిలో ఉంది.

బుధవారం నాడు బేగం ఇక నవ్వలేదు.

"ఇగో మొగులయ్యా, నా మనవరాలు బాలెంత. పొడి పాలు తాగియ్యమంటున్నరు డాక్టర్లు. నేనే వద్దన్న, మా మొగులయ్య పాలుండంగ డబ్బా ఎందుకన్న. జుమ్మా దాకా చూస్త. ఆ తర్వాత చార్‌మహల్ దిక్కు నుంచి ఇంకో పాలాయన వస్తనంటున్నడు. మిగిలినోళ్లు గూడ నా మొహమే చూస్తున్నరు."

శుక్రవారం దాకా అంటే ఇంకా రెండు పొద్దులు. ఆవిడ మానేస్తే పదకొండు ఇళ్లూ పోతాయి. అప్పుడు నేను హోటళ్లకు క్యాను పోసేవాణ్ని అవుతాను. అందులో తప్పేమీ లేదు, చాలామంది పోస్తారు. కానీ మా నాయన పిండిన గుమ్మం ముందు నన్ను దొంగ అనుకుని తలుపు వేసుకుంటే, ఆ గల్లీలో మళ్లీ నడవలేను.

ఆ సాయంత్రం దాణాకు వెళ్తే, దుకాణంలో ఒకాయన సూది సంగతి చెప్పాడు. ఒక పోటు పొడిస్తే ఎంత మొండి బర్రె అయినా పాలు వదిలేస్తుందట. ఇంటికొచ్చి సత్తెమ్మకు చెప్పాను.

"ఇయ్యనని నిలవడ్డదాన్ని పొడిసి గుంజుకునుడు పిండుడు అంటరా?" అంది. తర్వాత తానే, "రేపు నేను గూడ వస్త," అంది.

"సీట్ల జాగ ఉన్నది, రా."

"సీట్ల గాదు. ఎనక, లచ్చి పక్కన."

గురువారం ఆమె ట్రాలీలో లచ్చి మెడ పట్టుకుని నిలబడి వచ్చింది. ఆ రోజూ పాలు రాలేదు. తిరిగి ఇంటికి చేరాక గడప మీద కూర్చుని, రెండు అరచేతులూ మోకాళ్ల మీద పెట్టింది. అవి ఇంకా సన్నగా వణుకుతున్నాయి.

"నువ్వు ముంగట మెత్తటి సీట్ల కూసుంటివి. ఎనకొచ్చి నిలవడి చూడు. కాళ్ల కింద చెక్క ఆరు మైళ్లు వణుకుతనే ఉంటది. నా పండ్లు టకటక కొట్టుకున్నయి. పొగంతా మొహం మీదికే. లచ్చి కండ్లు మూసుకుని, కాళ్లు బిగవట్టి వచ్చింది. బండి దిగంగనే చెంబు పట్టుకుని కూసుంటే ఎట్ల చేపుతది?"

"అయితే పెట్రోలు బండి కడుదామంటవా? మెరక మీద మరుగుతది గద."

"మరిగితే మరగనీ."

"అమ్మ డీజిలు అని చెప్పె."

సత్తెమ్మ గద్దె వైపు చూసి, కొంగు సర్దుకుంది. "అమ్మను ఏమని అడిగినవు?"

"ఏ బండి మంచిగ గుంజుతది అని."

"గుంజింది గద. అమ్మ అబద్ధం చెప్పిందా?"

దీపం కింద చీటీ అలాగే ఉంది. దాన్ని తీయడానికి చేయి రాలేదు. తల్లి మాటను కాదంటున్నానా, లేక నేను అడగని దానికి జవాబు వెతుక్కుంటున్నానా అన్నది ఆ రాత్రి పడుకునేదాకా తేలలేదు. పొద్దున లేచి దండం పెట్టుకుని, అమ్మకు చెప్పి మరీ పెట్రోలు జీపుకు ట్రాలీ తగిలించాను.

ఇంజను పెద్దగా వణుకు లేకుండా మెత్తగానే పోయింది. కానీ శివరాంపల్లి మెరక మాత్రం నన్ను మరిచిపోలేదు. సగంలో ఆవిరి లేచింది. బండి పక్కకు తీసి, ట్రాలీ చక్రాల కింద రాళ్లు పెట్టాను. ఇంజను ఆపాను. బేగం అప్పటికే గుమ్మంలో గిన్నెతో నిలబడి ఉంటుంది. అదీ చివరి రోజు.

చల్లారేదాకా చేసేదేమీ లేక, రోడ్డు పక్కన గడ్డి నాలుగు గుప్పిళ్లు పీకి లచ్చి ముందు వేశాను. తిన్నది. రెండో బర్రెకూ వేశాను. చుట్టూ చప్పుడు లేదు. కొంతసేపటికి లచ్చి చెవులు కిందికి జారాయి. ఒక్కసారి పెద్దగా ఊపిరి వదిలి నెమరు మొదలుపెట్టింది. నాలుగు రోజులుగా దారిలో అది నెమరు వేయడం నేను చూడలేదు. అసలు దారిలో నేను వెనక్కి తిరిగి చూసిందే లేదు.

హుస్సేనీ ఆలం చేరేసరికి ముప్పావుగంట ఆలస్యం. బేగం గుమ్మంలోనే ఉంది. "ఆజ్ భీ వైసాచ్ హోతా క్యా?" అని గిన్నె ముందుకు చాపింది. ఇవాళా అంతేనా అని.

తౌడు బుట్ట పెట్టాను. నీళ్లతో కడిగాను. లచ్చి బుట్టలో మూతి పెట్టింది. నా అరచేతి కింద చన్నులు నిండడం తెలిసింది. మొదటి ధార గిన్నె అడుగున మోగింది. తర్వాత చప్పుడు మెత్తబడి, నురగ పైకి వచ్చింది. గిన్నె నిండాక బేగం నురగ మీద వేలితో ముట్టి చూసి, "బాలెంతకు ఇంకో పావు పొయ్యి," అని నాతో చెప్పి, లోపలికి కేక వేసి ఇంకో గిన్నె తెప్పించింది.

పదకొండు ఇళ్లూ పూర్తయ్యాయి.

సాయంత్రం ఇస్సాకు వచ్చి అంతా విని గడ్డం గోక్కున్నాడు. "అన్నా, నాకొక డౌటు. పాలు పెట్రోలు బండికి వచ్చినయా, అరగంట ఆగినందుకు వచ్చినయా?"

"నాకు గూడ గదే డౌటు భాయ్."

"మరి డీజిలు బండిని గూడ ఆ మెరక మీద అరగంట ఆపి చూడరాదే. నూనె సగం ఖర్సైతది. రేపు శనివారమే, ప్రహ్లాద్‌కు పొద్దుగూకినంక ఇచ్చినా నడుస్తది."

ఆ మాటలో న్యాయం ఉంది. కానీ డీజిలు బండికి ఆ మెరక మీద ఆగాల్సిన పని లేదు. మొదటి రెండు రోజులు ఆపుతాను. మూడో రోజు ఆలస్యమైందని పది నిమిషాలే ఆపుతాను. వానాకాలంలో అసలు ఆపను. బండి తప్పు కాదది. నా సంగతి నాకు తెలుసు.

"నువ్వు చెప్పింది నిజమే. కని నేను ఆపను భాయ్," అన్నాను.

ఇస్సాకు నా వంక చూసి, డీజిలు బండి తాళంచెవి అడిగాడు. తోవలోనే కదా, ప్రహ్లాద్ దగ్గర తానే దించి పోతానన్నాడు. అది గేటు దాటి పోతుంటే కొట్టంలో లచ్చి తల ఎత్తి చూసి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

ఇప్పుడు పొద్దున అరగంట ముందే బయలుదేరుతున్నాను. జీపులో నీళ్ల డబ్బా, రెండు రాళ్లు, ఒక కట్ట పచ్చగడ్డి ఎప్పుడూ ఉంటాయి. మెరక మీద ఆవిరి లేస్తుంది. ఆగుతాను. డీజిలు అని రాసిన చీటీ ఇంకా గద్దె మీదే ఉంది. సత్తెమ్మ దుమ్ము దులిపినప్పుడు దాన్ని ఎత్తి, మళ్లీ అక్కడే పెడుతుంది.